రెండు పస్కాల నడుమ

కఫర్ తూతా,
యవనుల లెక్కన ఆరువందల తొంభై ఎనిమిదో ఏడు,
నీసాను నెల ఇరవై నాలుగో రోజు, శబ్బాతుకు ముందటి ఉదయం.

అంతియొకయ పట్నంలో, రొట్టెల వీధి వెనక ఉంటున్న నా తోడబుట్టిన జబ్దయికి, అక్క మిల్కా శాంతి కోరి రాస్తున్నది. అక్కడ నిన్ను దొరోతెయు అని పిలుస్తున్నారట. రెంటికీ అర్థం దేవుడిచ్చినవాడనే కదా, మరి మార్చుకోవడం ఎందుకో నాకు తెలియలేదు. నా కలానికి పాత పేరే అలవాటు.

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలని నాన్న నేర్పాడు. ఆ వరసలో రెండో సగమే రాయగలను. నువ్వు క్షేమంగా ఉండాలి.

అమ్మ పోయిందిరా.

పదిహేడో రోజున, మధ్యాహ్నం దాటాక పోయింది. మర్నాడు శబ్బాతు, ఏ పనీ చేయకూడదు. దీపం పెట్టేలోపు మట్టి చేసెయ్యాలని అందరూ పరుగులు తీశారు. పులియని రొట్టెల పండుగ నడుస్తోంది కాబట్టి గట్టిగా ఏడవకూడదన్నారు. తల కడిగి, గుడ్డ చుట్టి, నోరు మూసుకుని పంపేశాను. పండుగ అయిపోయాకే నేల మీద కూర్చున్నాం. ఇవాళ మూడో రోజు. దుఃఖంలో ఉన్నవాళ్లు కలం పట్టకూడదట, హోషయా మామయ్య చూస్తే కేకలేస్తాడు. ఆయన కళ్లలో పొర దట్టంగా కమ్మింది కాబట్టి చూడడులే.

నాన్న పక్కన పెడదామనుకున్నాం. యూదుల సమాజమందిరం వాళ్లు ఒప్పుకోలేదు. నాన్నను పెట్టిన రోజులు వేరు, ఇప్పుడు రోజుకు మూడుసార్లు ప్రార్థనలో మన నజరేయుల పేరు చెప్పి శపిస్తున్నారు, ఆ నోటితో మనకు చోటెలా ఇస్తారు? కింద ఊరి పెద్ద సంఘం పాదిరి దగ్గరికి వెళ్తే ఆయన మంచిగానే మాట్లాడాడు. మీ అమ్మ శబ్బాతు విడిచిందా, యూదుల పండుగలు విడిచిందా అని అడిగాడు. లేదన్నాం. అయితే నా చేతుల్లో ఏముందమ్మా అన్నాడు. యేసును మెస్సీయా అన్నందుకు వాళ్లు వద్దన్నారు, మోషే ధర్మం వదలనందుకు వీళ్లు వద్దన్నారు. షూషన్ అత్త సంగతి తెలుసుగా, పాడె పక్కన నిలబడి, బతికినన్నాళ్లూ ఇదే, చచ్చాక కూడా మనకి ఇల్లు దొరకడం కష్టమే అంది. ఆఖరికి మన అంజూరపు తోట అంచున పెట్టాం. గట్టు మీద నువ్వు పడి పన్ను విరగ్గొట్టుకున్న చోటుకు పది అడుగుల దూరం.

అక్కడ ఇంకో ఇబ్బంది వచ్చింది. ప్రార్థనకు పదిమంది మగాళ్లు కావాలి. నువ్వు వెళ్లాక మనకు ఉన్నది తొమ్మిదిమందే. కొండ అవతలి వాళ్లు పరామర్శకు వచ్చారు, అదే, మాంసం ముట్టరు, గిన్నెలో ద్రాక్షరసం బదులు నీళ్లు పోసుకుంటారు, వాళ్లు. అందులో ఒకాయన అందరిలాగే యోసేపుకు పుట్టిన యేసును దేవుడు తర్వాత ఎన్నుకున్నాడని మొదలుపెట్టాడు. హోషయా మామయ్య ఊరుకుంటాడా? శవం లేవకముందే ఇద్దరూ వాదన పట్టుకున్నారు. అమ్మ బతికుంటే, ముందు కాళ్లు కడుక్కుని రెండు ముద్దలు తినండి, యేసు తండ్రెవరో తర్వాత తేల్చుకుందురు గాని అనేది. ఎన్నిసార్లు అనలేదు, మన వాకిట్లో! పొద్దు వాలిపోతోందని మామయ్యే దిగొచ్చి, పదోవాడిగా నిలబడు కానీ నోరు విప్పకు అని ఆయనతో అన్నాడు. ఆయన నిలబడ్డాడు, పాపం, నోరు విప్పలేదు. అమ్మకు అలా పదిమంది అయ్యారు. ఆ పదో చోటు నీది.

నువ్వు ఎందుకు రాలేదని ఈ ఉత్తరంలో ఎక్కడా అడగను. గమనించు.

నీ ఉత్తరం షెబాతు నెలాఖరున ఒంటెల అబ్గర్ తెచ్చాడు, ఉప్పు బస్తాల మధ్య దాచి. అంచులన్నీ చెమ్మపట్టి ఉన్నాయి. అమ్మ అప్పటికే మంచం దిగడం మానేసింది. పాదాలు వాచిపోయి, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఉత్తరం అనగానే మాత్రం లేచి కూర్చుంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని నా పిల్లాడి వాసన వస్తోందంది. నాకు ఉప్పు వాసన తప్ప ఏమీ రాలేదు. ఆ మాట అంటే, నువ్వు కనలేదుగా అంది. పిల్లలు పుట్టకుండానే మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి చేరినదాన్ని. నా మొహం చూసి, ఆ మాట అన్నందుకు వెంటనే నా చెయ్యి పట్టుకుంది.

చదవవే అంది. ఇంట్లో అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కదా. నాన్న నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆలెఫ్, బేత్ దిద్దిస్తుంటే పక్కన పిండి పిసుకుతూ నేర్చుకున్న చదువు నాది. నువ్వు తప్పు చదివితే వీపు మీద పడేది. నేను తప్పు చదివితే అడిగేవాళ్లు లేరు. అందుకే నువ్వు పద్ధతిగా నేర్చావు.

నీకు ఆలయంలో చదువరి పని ఇచ్చారనీ, గ్రీకులో చదివినా కొన్నిచోట్ల మనసులో మన భాషే ముందు వస్తోందనీ రాశావు. ఆ ముక్కకు అమ్మ చాలా సంతోషించింది. వాళ్లు తినేముందు చేతులు కడుక్కుంటారా, అది రాయలేదా అని అడిగింది. రాయలేదన్నాను. నువ్వు బిషప్పు ముందు నిలబడి శబ్బాతునూ పండుగలనూ విడిచానని ప్రమాణం చేసిన సంగతి మూడేళ్లుగా అమ్మకు తెలుసు. షూషన్ అత్త అల్లుడు చూసొచ్చి చెప్పాడు. ఆ రోజు కూడా అమ్మ ఒక్కటే అడిగింది, చెప్పేటప్పుడు వాడి గొంతు వణికిందా అని. వణికిందని అల్లుడు అన్నాడు. నిజమో, ఆమె కోసం అన్నాడో.

చివర్లో పస్కా పండుగకు వస్తాననీ, అమ్మ గిన్నె నీ చేత్తో కలిపి ఇస్తాననీ ఉంది. మన ఇంటి పద్ధతి నువ్వు మరిచిపోలేదు. ఇంటి చిన్నవాడు ద్రాక్షరసంలో నీళ్లు కలిపి తల్లికి అందించాలి. నువ్వు వెళ్లాక వచ్చిన మూడు పస్కాల్లోనూ అమ్మ ఇంకొకళ్ల చేతి గిన్నె తాగలేదు. పెదవికి తాకించి పక్కన పెట్టేసేది.

హోషయా మామయ్య గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. ఏ పస్కాకే, వాడి సంఘం వాళ్లది వేరు కదా అన్నాడు. మనం నీసాను పద్నాలుగున చేస్తాం, వాళ్లు ఏదో లెక్క వేసి ఆదివారం నాడు చేస్తారు, ఈ ఏడు వాళ్లది నెల తర్వాత ఇయ్యారులో పడిందని సంతలో చెప్పుకుంటున్నారు అన్నాడు. అమ్మ చూసిన చూపు నువ్వు చూడాల్సింది.

“మన పస్కాకు అని రాశాడన్నయ్యా. వినలేదూ? మన, అన్నాడు.”

ఆ మాట ఇంకో రెండుసార్లు చదివించుకుంది. చదివాను. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి తలవైపు గోడ మీద బొగ్గుతో గీతలు గీయించింది, రోజుకొకటి చెరపాలట. గంజి అడిగి తాగింది. రెండు వారాలకు గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. పులిసినది ఒక్క తునక ఉండకూడదని ఇల్లంతా నాచేత మూడుసార్లు ఊడిపించింది. గిన్నెలు ఎత్తి చూసి, ఇక్కడ ఇంకా పిండి ఉంది, నీ చూపు మామయ్య చూపులాగే ఉందే అని తిట్టింది. అమ్మ తిడుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మనిషి తిరిగొచ్చేసిందనుకున్నాను. షూషన్ అత్త అయితే, ఇలా బాగవుతుందని తెలిస్తే ఆ ఉత్తరం ఏడాది కిందే రాయకపోయాడా నీ తమ్ముడు అంది.

పద్నాలుగో రోజు సాయంత్రం మన ఇంట్లోనే అందరం చేరాం. అమ్మ వీధి కనపడేలా గుమ్మానికి ఎదురుగా కూర్చుంది, పెళ్లినాటి ఎర్రంచు పైట వేసుకుని. నీ చోట చాప పరిచి, పక్కన నీళ్ల ముంత, ద్రాక్షరసం, ఆమె గిన్నె పెట్టించింది. చేదు ఆకులు, ఖర్జూరం నూరిన పచ్చడి, రొట్టెలు అన్నీ సిద్ధం. మొదలుపెడదామా అని మామయ్య అడిగాడు. కాసేపు ఆగండి, దూరం నుంచి రావాలి అంది. మళ్లీ అడిగాడు. ఒంటెల గంట వినపడిందంది. నేను బయటికెళ్లి చూసొచ్చాను. ఎవరూ లేరు. మళ్లీ పంపింది, మళ్లీ వెళ్లాను. చంద్రుడు ఇంటి కప్పు మీదికి వచ్చేశాడు, పిల్లలు చాపల మీద నిద్రపోయారు, రొట్టెలు బిగుసుకుపోయాయి. ఎవరూ అమ్మ వైపు చూడటం లేదు. అందరూ నేల చూపులే.

అప్పుడు అమ్మ అంది:

“మొదలుపెట్టండి అన్నయ్యా. నా గిన్నె బోర్లించండి.”

నేనే బోర్లించాను. అందరం తిన్నాం, కీర్తన పాడాం, అమ్మ కూడా గొంతు కలిపింది. మర్నాడు లేవలేదు. మూడు రోజులు ఎవరు ఏది పట్టుకెళ్లినా వద్దంది. తడిగుడ్డతో పెదవులు తుడిస్తే తుడవనిచ్చింది, అంతే. చివరిరోజు నన్ను దగ్గరికి పిలిచి ఒక మాట అడిగింది. అది ఇక్కడ రాయలేను.

ఇక అసలు సంగతి. మట్టి చేసిన మర్నాడు శబ్బాతు. సువార్త చుట్ట విప్పి చదివేవాళ్లు నువ్వు వెళ్లాక లేరు కదా. మామయ్యే నోటికి వచ్చినంత చెప్తాడు, రానిచోట దగ్గుతాడు. ఆడవాళ్ల వైపు నుంచి నేను మెల్లగా అందిస్తే, తనకే గుర్తొచ్చినట్టు అందుకుంటాడు. మగాళ్లంతా విననట్టు కూర్చుంటారు. చివర్న ఊరు విడిచిన మనవాళ్ల పేర్లు చదివి దీవెన చెప్పడం ఉంది చూడు. నువ్వు ప్రమాణం చేసి అటు పోయినా ఈ మూడేళ్లూ నీ పేరు తియ్యలేదు. తియ్యమని అడిగినవాళ్లతో అమ్మ పోట్లాడింది. మామయ్య కూడా, వాడి నమ్మకం సంగతి దేవుడు చూసుకుంటాడు, పేరు మాత్రం మన పిల్లాడిదే అనేవాడు. ఆ శబ్బాతున నీ పేరు దగ్గరికొచ్చి ఆగాడు. ముసలాయన ఏడుస్తున్నాడు.

“దారి మారినవాడికి కూడా దీవెన ఉంటుంది. చావబోయే తల్లికి మాట ఇచ్చి తప్పినవాడికి లేదు. ఇకమీదట జబ్దయి పేరు ఈ ఇంట్లో చదవం.”

అందరూ ఆమేన్ అన్నారు. షూషన్ అత్త కూడా అంది. నేను అన్నానో లేదో అడగకు. నోరు తెరిచి లేచి అడ్డం మాత్రం పడలేదు. నిన్ను ఊళ్లోకి రావద్దని కూడా రాయమన్నాడు మామయ్య. వస్తే ఎవరూ కాళ్లకు నీళ్లివ్వరట. <s>రావద్దు.</s>

మిగతా కబుర్లు ఇవి. నీ తోలు చెప్పులు ఇంకా అటక మీదే ఉన్నాయి. పడమటి గోడ పగులు పూడ్చాను, నేనే, ఎవరినీ పిలవలేదు. బార్లీ ఈసారి బాగా వచ్చింది. అమ్మ పైట నా దగ్గర ఉంచుకున్నాను. రాత్రి తలకింద పెట్టుకుంటున్నాను, అది ఉతకలేదు.

అబ్గర్ ఒంటెలు ఆదివారం పొద్దున బయల్దేరతాయి. ఉత్తరం అతనికి ఇస్తాను. నీ ఆరోగ్యం చూసుకో. మాడిన రొట్టె తినకు, నీకు పడదు. నీకూ, నీ గదికీ, నీకు అన్నం పెట్టే ఆ చేతులకూ శాంతి కలగాలి.

ఒకే కడుపున పుట్టిన నీ అక్క,
మిల్కా

మరొక మాట. పైన సంతకం పెట్టి, మడిచి, మైనం కరిగించి, మళ్లీ విప్పాను. ఇది రాయకుండా పంపితే పైన రాసిందంతా అబద్ధమైపోతుంది.

నువ్వు మన పస్కా అని రాయలేదు. మా పస్కాకు సెలవు దొరుకుతుంది, మా పస్కాకు వస్తాను అని రాశావు. రెండుసార్లూ మా అనే ఉంది. ఉత్తరం ఇప్పుడు నా ముందే ఉంది, తప్పు చదివానని చెప్పుకునే దారి లేదు. నువ్వు చక్కగా రాస్తావు, అక్షరాలు విడివిడిగా, నాన్న దిద్దించినట్టే.

ఆ మా అనే అక్షరం దగ్గరికి వచ్చేసరికి నా నోరు తిరగలేదురా. అమ్మ నా మొహంలోకే చూస్తోంది, నోరు కొంచెం తెరిచి. ఆ ఒక్క అక్షరంతో నువ్వు అటు, మేం ఇటు అయిపోయాం. అది వింటే ఆ పూటే పోతుందని భయం వేసింది. మన అని చదివేశాను. ఇంకో రెండుసార్లు చదవమంటే అలాగే చదివాను. మామయ్య ఏ పస్కా అని అడిగినప్పుడైనా చెప్పాల్సింది. అమ్మ మొహం అలా వెలిగాక ఎలా చెప్పను?

నీకు కబురు పెట్టొచ్చు కదా అంటావు. పెట్టబోయాను. అమ్మకు బాగాలేదు, పద్నాలుగుకే రా అని రెండుసార్లు రాసి చింపేశాను. మన పండుగలో నువ్వు కనపడ్డావని తెలిస్తే అక్కడ నీ పని పోతుందని అబ్గర్ అన్నాడు, అది ఒక కారణం. అసలు కారణం నా పొగరు. ఆ మా అనే మాట నా గుండెల్లో గుచ్చుకుంది. అంత మా అనుకునేవాణ్ణి నేను బతిమాలాలా, వాడికే బుద్ధి పుట్టి రావాలి అనుకున్నాను. పద్నాలుగో రాత్రి నేను వీధిలోకి వెళ్లి చూసిన ప్రతిసారీ, నువ్వు రావని తెలిసే వెళ్లాను. తెలిసి కూడా, ఏమో, వస్తావేమోనని చూశాను.

చివరిరోజు అమ్మ అడిగింది ఇదీ. “మిల్కా, మన అనే రాశాడా?” అవునమ్మా, మన అనే రాశాడు అన్నాను. ఆమె తల గోడవైపు తిప్పుకుంది. నిజం చెప్పే అవకాశం దేవుడు ఆఖరిసారి ఇచ్చాడు, దాన్ని కూడా అలా చేశాను. నువ్వు మాట తప్పావనుకుంటూ పోయింది.

ఎనిమిది రోజులుగా ఒకటే ఆలోచిస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చదివుంటే ఏమయ్యేది? అమ్మ ఏడ్చేది. ఒక రోజో, రెండు రోజులో. ఆ తర్వాత నన్ను పిలిచి, గోడ మీద ఇంకో ముప్పై గీతలు గీయవే అనేది. ఆమె సంగతి నాకు తెలియదా? నీ పస్కా దాకా బతికేది. నువ్వు మన అని రాసినా, మా అని రాసినా ఆమెకు నీ చేతి గిన్నె కావాలంతే. ఆ మాటకు తట్టుకోలేనిది నేను, అమ్మ కాదు.

రేపు శబ్బాతు. పేర్లు చదివేముందు లేచి నిలబడి అందరి ముందూ చెప్తాను. ఆడది నడుమ లేచి మాట్లాడకూడదంటారు, అననీ. నా మొహాన తలుపు వేస్తే వేయనీ. నీ పేరు మాత్రం చదివించి కూర్చుంటాను. పైన రావద్దని రాసినదాన్ని కొట్టేశాను, చూసే ఉంటావు.

నీ పస్కాకు రా తమ్ముడూ. నీ లెక్క ప్రకారమే రా. ఎవరూ ఇవ్వకపోతే కాళ్లకు నీళ్లు నేనిస్తాను. అమ్మ గిన్నె ఆ రాత్రి బోర్లించినచోటే ఉంది, ఊడ్చేటప్పుడు కూడా దాని చుట్టూ ఊడుస్తున్నాను. అది నువ్వొచ్చి తిప్పాలి.

రాలేకపోతే ఒక్క ముక్క రాయి. తిట్టి రాసినా సరే. ఈసారి నువ్వు ఏ అక్షరం రాస్తే ఆ అక్షరమే చదువుకుంటాను.